అన్నం అమ్మిన అమ్మలు

కడప జిల్లాలో ఏ ఊళ్లోనైనా బస్సు దిగి నాలుగడుగులు వేయండి. ఎవరో ఒకరు పలకరిస్తారు. "ఏ ఊరమ్మా మీది? యాడ దిగినారు?" అని. మొదటి ప్రశ్నకు జవాబు సులభమే. రెండోదానికే ఆలోచించాలి. బస్సు దిగడం వేరు, ఒకరింట్లో దిగడం వేరు గదా! చుట్టాలింట్లో దిగామంటే ఒక మర్యాద, లాడ్జిలో దిగామంటే ఒక మర్యాద. "మాకెవరూ లేరండీ, ఎక్కడో ఒకచోట దిగాలి" అన్నామంటే మాత్రం అడిగినవారికి మనమీద జాలో, అనుమానమో, రెండూనో కలుగుతాయి.

ఎవరూ లేని ఊళ్లో, ఏ చుట్టరికమూ లేని యింట్లో, డబ్బిచ్చి పడుకుని, పొద్దున్నే ఆ యింటావిడ చేతి టిఫిను తిని బయల్దేరే పద్ధతిని ఇంగ్లీషువాళ్లు "బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్" అంటారు. పడకా పలహారమూ అన్నమాట. మనవాళ్లు ఇప్పుడు "హోమ్‌స్టే" అంటున్నారు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు కుర్రాళ్లు యింటద్దె కట్టుకోలేక, తమ గదిలో గాలి పరుపులు పరిచి ముగ్గురు అతిథులను పెట్టుకున్నారు. మరుసటి యేడాదికి అదొక వ్యాపారమైంది. "ఎయిర్‌బీఎన్‌బీ" అనే పేరులో మొదటి ముక్క ఆ గాలి పరుపుది, మిగతాది పడకా పలహారాలది.

ఎంత కొత్త ఆలోచన అనుకునేరు! మన పూటకూళ్ల యిల్లు దీనికి ముత్తవ్వ.

పూటకూళ్లు అనే మాటలో "కూలి" వుందని చాలామంది అనుకుంటారు. కాదు. పూటకు పెట్టే కూడు అది. కోస్తా జిల్లాల్లో కూడు అంటే కాస్త చిన్నచూపుగానీ, రాయలసీమ పల్లెల్లో "కూడు తింటివా?" అనడం కంటే ఆప్యాయమైన పలకరింపు లేదు. ఈ పూటకూళ్ల యిల్లు మన సాహిత్యంలో ఆరువందల యేళ్లనాడే కనిపిస్తుంది. పదిహేనో శతాబ్దపు "క్రీడాభిరామం"లో టిట్టిభసెట్టి, మంచనశర్మ అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ చుట్టి, ఆకలేసి పూటకూళ్లకు వెళ్తారు. ఒక్క రూకకు మంచి బియ్యపన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, నెయ్యి, అరటిపళ్లు, ఊరగాయలు, పెరుగు! ఆ కవి అన్నిటినీ చెప్పాడు. యింటి యజమాని పేరు కూడా చెప్పాడు, లక్ష్మణవజ్ఝల అని. ఆ వంటలన్నీ వండిందెవరో మాత్రం చెప్పలేదు. నాకు ఈ విషయమంతా రాయాలనిపించింది అక్కడే.

అసలు పూర్వం మన ప్రాంతాల్లో ప్రయాణం చేసేవాళ్లు ఎక్కడ దిగేవారు? గొప్పవాళ్ల సంగతి వేరు. వాళ్ల యిల్లు వాళ్లతోనే నడిచేది. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే, మీర్‌జుమ్లాను కలవడానికి జమ్మలమడుగు పక్కనున్న గండికోటకు వచ్చాడు. అలాంటివారి వెంట బండ్లూ, పరివారమూ వుంటాయి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు పెద్ద కలెక్టరుగా వున్న మన్రో దొర జిల్లాలు తిరుగుతూ గుడారాల్లోనే ఎక్కువ కాలం గడిపాడు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కడప మీదుగా కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి వెంట దాదాపు వందమంది వున్నారు. అయినా ఆయన మజిలీ మజిలీకి నీళ్లు ఎలాగున్నాయో, అంగళ్లున్నాయో లేదో రాసుకుంటూనే పోయారు. వందమంది పరివారం వున్నా పొయ్యి వెలగడం మొదటి ప్రశ్నే మరి!

పుణ్యాత్ములు కట్టించిన సత్రాలూ, చావడులూ వుండేవి. ఇంగ్లీషువాళ్లు చావడిని పలకలేకనే చౌల్ట్రీ చేసుకున్నారు. సత్రాలకు రాసిచ్చిన మాన్యాలను అజమాయిషీ చేయడానికి కంపెనీ ప్రభుత్వం 1817లో ఏడవ రెగ్యులేషన్ అనే చట్టం చేసింది. మాన్యాల ఆదాయం మనుషుల పాలు కాకుండా బాటసారుల పాలు కావాలని దాని ఉద్దేశం. తర్వాత 1884 నాటి లోకల్ బోర్డుల చట్టంతో రోడ్లతోపాటు సత్రాలూ, ముసాఫరు బంగళాలూ బోర్డుల చేతికొచ్చాయి. బంగళాలో దొరలు దిగేవారు, వాళ్లకు వంటవాడు కోడిని కోసేవాడు. సత్రంలో కప్పూ, బావీ వుంటే అదే పదివేలు. వంట మనమే చేసుకోవాలి.

గుడారం లేదు, బంగళాలోకి రానివ్వరు, సత్రంలో పొయ్యి రాజేసుకునే ఓపిక లేదు. అలాంటి మధ్యరకం మనుషులకోసం పుట్టిందే పూటకూళ్ల యిల్లు.

మా వైపు మూడు ఊళ్లను తీసుకుంటే ఈ సంగతి బాగా తెలుస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. మద్రాసు రైలు కడప జిల్లాను చీల్చుకుంటూ పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి రైలును కలుసుకుంది. కానీ ఈ మూడూళ్లలో ఒక్కదాన్నీ తాకలేదు. ప్రొద్దుటూరువాళ్లు ఎర్రగుంట్లలో దిగాలి. జమ్మలమడుగుకూ పులివెందులకూ వెళ్లేవాళ్లు ముద్దనూరులో దిగి, ఒకరు ఉత్తరానికీ ఒకరు దక్షిణానికీ బండి కట్టించుకోవాలి. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా నంద్యాలకు రైలు నడిచింది 2016లో. పులివెందులకు రైలు ఇంకా రానేలేదు. రైలు లేని ఊరికి పోయినవాడు అదే రోజు తిరిగిరాలేడు. రాత్రికి ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి, రెండుపూటలా తినాలి.

ప్రొద్దుటూరు బేరాల ఊరు. పత్తి, బంగారం, బట్టలు. పత్తి అమ్ముకోవడానికి బండ్లు తోలుకొచ్చిన రైతు మండీలోనే బోరాల మీద పడుకునేవాడు, మూట విప్పి సంగటిముద్ద తినేవాడు. కానీ పై ఊళ్లనుంచి వచ్చిన గుమాస్తాలు, నగలు చేయించుకోను వచ్చినవాళ్లు, కోర్టు వాయిదాలకు వచ్చినవాళ్లు? వీళ్లకు పూటకూళ్లే దిక్కు. భోజనానికే ముఖ్యంగా డబ్బు. చీకటి పడితే అరుగు మీదో, పంచలోనో ఒక చాప, ఒక చెంబు నీళ్లు. చదువుకునే పేదపిల్లలైతే వారాలు చెప్పుకునేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. వారాలపిల్లవాడికి డబ్బు ఖర్చు లేదుగానీ, వారానికి ఏడు గడపలు, ఏడుగురు అమ్మల ముఖాలు చూడాలి. ఏ గడపలో ఏ రోజు ఏ ముఖం వుంటుందో వాడికే తెలియాలి.

జమ్మలమడుగు కచేరీల ఊరు, ఆసుపత్రి ఊరు. పెన్న ఒడ్డున లండన్ మిషన్‌వాళ్లు పందొమ్మిదో శతాబ్దం చివర ఆసుపత్రి పెట్టారు. క్యాంప్‌బెల్ ఆసుపత్రి అంటే నాలుగు తాలూకాలకూ తెలుసు. రోగికి మంచం ఆసుపత్రిలో దొరుకుతుంది. తోడు వచ్చిన తల్లికో, భార్యకో? ఆ రోజుల్లో మిషన్ ఆసుపత్రికి మందుకోసం వెళ్లినా, అక్కడి చేతి అన్నం ముట్టనివాళ్లు ఎందరో వుండేవారు. దాంతో ఆసుపత్రి వున్న ఊరల్లా పక్కవీధుల్లో ఒక పొయ్యీ ఒక మూలా అద్దెకిచ్చే యిళ్లు పుట్టుకొస్తాయి. అక్కడ దిగినవాళ్లు గంజి కాచుకునేది తమకోసం కాదు. యింటావిడకు ఆ సంగతి తెలుసు. తన బాలింత కూతురికి దాచుకున్న ఉప్పు నిమ్మకాయను ఆ గంజిలోకి ఇచ్చేసే ఆడవాళ్లుంటారు. ఏ హోటలు బిల్లులోనూ ఆ నిమ్మకాయ రాయరు.

పులివెందుల తాలూకా కచేరీ ఊరు. ఇప్పుడు చీనీతోటలూ, అరటితోటలూ. కాపు కాలంలో ఎక్కడెక్కడి వ్యాపారులో వచ్చి దిగుతారు. శ్రావణ శనివారాల్లో పాపఘ్ని ఒడ్డున గండి ఆంజనేయస్వామికి జనం విరగబడతారు. 2006లో ఇంజనీరింగు కాలేజి వచ్చాక పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రుల గొడవ అదనం. మా పాతకాలం వారాలపిల్లలకు ఈనాటి "పీజీ" పిల్లలు మనవలు. డబ్బు కడతారు కనుక ముఖాలు చూడనవసరం లేదు, అంతే తేడా.

సరే, ఇలాంటి యింట్లో దిగడంలో సుఖమేమిటి, కష్టమేమిటి? రెండూ చెప్పుకుందాం.

సుఖం మొదట. యింటి అన్నం. అంతకంటే పెద్దది యింటి మనిషి. ఏ వైద్యుడి చేయి మంచిది, ఏ కంసాలి తరుగు తక్కువ తీస్తాడు, ఆఖరి బండి ఎన్నింటికి అనే సంగతులు యింటావిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడదానికి ఇది మరీ అవసరం. లాడ్జి గుమాస్తా మన పేరు పక్కన మగమనిషి పేరు కోసం వెతుకుతాడు. యింటావిడ "కాళ్లు కడుక్కో తల్లీ" అంటుంది.

ఇక కష్టాలు. ఆ యింటి నియమాలన్నీ మనవే అవుతాయి. వాళ్లు నిద్రపోతే మనమూ దీపం తీసేయాలి. స్నానానికి వేణ్ణీళ్లు ఎన్ని చెంబులో లెక్క వుంటుంది. "పిల్లలెందరు? ఒక్కడేనా? ఎందుకని?" అనే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇవన్నీ నవ్వుకుని వూరుకునే కష్టాలు.

నవ్వుకోలేనిది ఒకటుంది. "మీరేమిట్లు?" అనే ప్రశ్న. పూటకూళ్ల యింటి గడప అందరికీ గడప కాదు. సత్రాల్లోనూ అంతే. తర్వాత వచ్చిన హోటళ్ల బోర్డుల మీద "బ్రాహ్మణ భోజనము" అని పెద్దక్షరాలతో రాసుకునేవారు. మాంసం పెట్టేచోటు మిలిటరీ హోటలు. కొందరికి ఏ బోర్డూ లేదు. ఊరి బయట చెట్టు, మూటలోని సంగటి, అంతే. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చి, హోటళ్లలోకీ, ధర్మశాలల్లోకీ, ముసాఫరుఖానాల్లోకీ ఎవరినైనా ఆ కారణంతో రానివ్వకపోతే శిక్ష తప్పదంది. మన దేశంలో చాలామందికి బాటసారి అనే గౌరవం అలా కాగితం మీదికి వచ్చింది. కాగితం మీదినుంచి గడప మీదికి రావడానికి ఇంకా ఎంతకాలం పట్టిందో మీకు తెలుసు.

ఇది మన ఒక్క దేశపు జబ్బు కాదు. అమెరికాలో నల్లజాతివారికి హోటళ్లు గది ఇచ్చేవి కావు. విక్టర్ గ్రీన్ అనే తపాలాబంట్రోతు 1936లో న్యూయార్కులో ఒక చిన్న పుస్తకం వేయడం మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో ఏ యింట్లో మనవాళ్లను దిగనిస్తారు అన్న జాబితా అది. 1964లో అక్కడ పౌరహక్కుల చట్టం వచ్చిన తర్వాత మరో రెండు మూడేళ్లకు గానీ ఆ పుస్తకం అచ్చు ఆగలేదు. ఆ జాబితాల్లో "టూరిస్టు హోములు" అని శ్రీమతుల పేర్లతో ఎన్నో యిళ్లుండేవి. పెద్ద హోటళ్లు తలుపు మూస్తే, తమ వెనకగది తలుపు తీసిన యింటి ఆడవాళ్లు! ఒకే పద్ధతి ఒకచోట తలుపు మూసింది, ఇంకోచోట తీసింది. గుణదోషాలు పద్ధతిలో లేవు, గడపలో వున్నాయి.

ఇంతవరకూ దిగినవారి లెక్క చెప్పుకున్నాం. దింపుకున్నామె లెక్క ఎవరు చూడాలి?

పూటకూళ్లు పెట్టిన ఆడవాళ్లలో భర్త పోయినవారు ఎక్కువ. కారణం వెతకనక్కర్లేదు. 1856లో వితంతు వివాహ చట్టం వచ్చినా అది ఎన్ని యిళ్లకు చేరింది? ఉమ్మడి కుటుంబంలో భర్త పోయినామెకు తిండీబట్టా తప్ప, భర్త వాటాలో హక్కంటూ చట్టంలోకి వచ్చింది 1937లో. అదీ ఆమె బతికున్నన్నాళ్లే. చదువు లేదు, ఉద్యోగం లేదు. చేతనైనది వంట. బావమరుదుల యింట్లో జీతంలేని వంటమనిషిగా వుండిపోవడమో, నలుగురికి వండి నాలుగు డబ్బులు కళ్లజూడడమో, ఆమెకు రెండే దారులు. రెండో దారి పట్టినామె తొలికోడి కూయకముందే లేవాలి. నీళ్లు, కట్టెలు, రోలు, పొయ్యి. నలుగురొస్తారని వండితే ఇద్దరే వస్తారు. ఇద్దరికి వండితే ఆరుగురు వస్తారు. అరువు పెట్టకపోతే గయ్యాళి, పెడితే మునిగిపోతుంది.

అంతా చేసి ఆమె తెచ్చుకున్న పేరేమిటి? గురజాడవారి "కన్యాశుల్కం" 1897లో మొదట అచ్చయింది, 1909లో పెంచి మార్చారు. అందులో పూటకూళ్లమ్మ తెలియని తెలుగువాళ్లున్నారా? ఆమె అన్నం తిని, డబ్బెగ్గొట్టి గిరీశం దర్జాగా ఇంగ్లీషు మాట్లాడతాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. నూరేళ్లుగా మనం గిరీశం మాటలకు మురిసిపోతూనే వున్నాం. ఆమె చీపురుకు నవ్వుతూనే వున్నాం. ఆమె పేరేమిటని ఎప్పుడైనా అడిగామా? ఓరుగల్లులో వండినామె పేరు లేదు, విజయనగరంలో వడ్డించినామె పేరూ లేదు!

అన్నం పెట్టినవారిని మన జాతి మరిచిపోతుందని కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారు. ఆయన మీద కట్టిన పాట సీమలో ఇప్పటికీ పాడుతున్నారు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టారు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి మన రాష్ట్రంలో ఆమె పేరే పెట్టారు. ఆ మహానుభావులకు చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కానీ దానం చేయడానికి ముందు చేతిలో ఏదో ఒకటి వుండాలి గదా. ఏమీ లేనామె అన్నం దానం చేయలేదు, అమ్ముకోగలదు. అన్నం అమ్మడం పాపమని శాస్త్రం చెప్పినవారు, అమ్మకపోతే ఆమె ఏం తినాలో చెప్పలేదు.

అమ్మవారిశాల దసరా చూడ్డానికి ప్రొద్దుటూరు వెళ్లినప్పుడు తెలిసినవారింట్లో ఒక పెద్దావిడతో మాటల్లో పడ్డాను. వాళ్ల అత్తగారు పత్తి మండీల గుమాస్తాలకు రెండుపూటలా వండి పెట్టేవారట.

"పదిమందికి అన్నం పెడతా వుండెనమ్మా మా అత్త" అంది.

"డబ్బు తీసుకునేవారా అవ్వా?" అన్నాను.

"తీసుకోకుంటే ఎట్లమ్మా? బియ్యం యాడనుంచి వస్తాయి? ఆ డబ్బుతోనే ముగ్గురు ఆడబిడ్డల పెండ్లిండ్లు చేసె. మా ఆయనను చదివించె." కాసేపాగి, నా చేయి పట్టుకుంది. "అయితే అమ్ముతా వుండె అని మాత్రం రాయొద్దు నాయనా. పెడతా వుండె అని రాయి."

ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసి, ఒక కొడుకును చదివించిన సంపాదన! మగవాడు చేస్తే వ్యాపారం అని గొప్పగా చెప్పుకుంటారు. ఆడది చేస్తే మూడు తరాలైనా ఒక మాట మార్చి చెప్పుకోవాలి. ఆమె కోరినట్టు ఎవరి పేరూ ఇక్కడ రాయడం లేదు. "పెడతా వుండె" అనే రాస్తున్నాను. కానీ తల దించుకుని కాదు.

తర్వాత బస్సులొచ్చాయి, బస్టాండుల చుట్టూ హోటళ్లూ లాడ్జిలూ వచ్చాయి. గల్లాపెట్టె దగ్గర మగవాడు కూర్చున్నాడు. పొయ్యి దగ్గరా మగవాడే నిలబడ్డాడు. జీతం పుచ్చుకుని, వంటమాస్టరు అనిపించుకున్నాడు. వంటకు డబ్బూ మర్యాదా రాగానే అది ఆడవాళ్ల చేయి దాటిపోయిందన్నమాట!

ఇప్పుడు చక్రం మళ్లీ తిరిగింది. 2010 కామన్వెల్త్ క్రీడలకు ముందు, అతిథులకు గదులు చాలవని, ఢిల్లీ ప్రభుత్వం 2007లో "బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్" యిళ్లకోసం ఒక చట్టమే చేసింది. కేంద్ర పర్యాటక శాఖ కూడా ఒక పథకం పెట్టింది. ఒకటి నుంచి ఆరు గదుల దాకా అద్దెకివ్వవచ్చు. యింటివాళ్లు ఆ యింట్లోనే కాపురముండాలి. బంగారు తరగతి, వెండి తరగతి అని రెండు రకాలు. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా అధికారులకు తెలపాలి. మన గండికోటకూ జనం పెరిగారు. పెన్న తొలిచిన ఆ లోయ చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో వస్తున్నారు. పర్యాటకశాఖ హోటలుంది, డేరాలున్నాయి. కోట లోపల ఇప్పటికీ కాపురాలుంటున్న ఊరుంది. పొద్దున్నే జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి పెట్టి, ఒక గది చూపించే యిల్లు ఎంతమందికి నచ్చదు!

నేను వద్దనడం లేదు. రమ్మంటాను. కానీ అక్కచెల్లెళ్లారా, గది తలుపు తీసేముందు కొన్ని లెక్కలు తేల్చుకోండి. రిజిస్ట్రేషను కాగితం మీద పేరెవరిది? డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో పడుతుంది? దుప్పట్లు ఉతికేదెవరు, రాత్రి పదింటికి ఫోను చేసి "భోజనం వుందా?" అంటే లేచేదెవరు? నచ్చని మనిషి వస్తే "గది లేదు" అనే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నలన్నిటికీ "మా ఆయన" అనీ, "నేను" అనీ రెండు రకాల జవాబులు వస్తే, పనులకన్నిటికీ "నేను", డబ్బుకు "మా ఆయన" అయితే, అది హోమ్‌స్టే కాదు. పాత వెట్టికే కొత్త బోర్డు. మీ పేరున కాగితం, మీ పేరున ఖాతా వుంటే మాత్రం తలెత్తుకుని బోర్డు కట్టండి. గడప దగ్గర "మీరేమిట్లు?" అనే ఆ పాత ప్రశ్నను మాత్రం లోపలికి రానివ్వకండి.

అలాంటి యిళ్లలో దిగేవారికీ ఒక మాట. బేరమాడండి, తప్పులేదు. లాడ్జిలో నోరెత్తకుండా కట్టినదాన్ని, యింటి వంటకు మాత్రం "యింట్లో వండిందే గదా, ఇంత దేనికీ?" అనకండి. యింట్లో వండింది కనుకనే దానికి ధర వుంది. ఇవ్వాల్సింది వండినామె చేతికే ఇవ్వండి. ఆమె పేరేమిటో కూడా ఒకసారి అడగండి.

పూటకూళ్లమ్మ ఊరికే చీపురు పట్టుకుందా? బాకీ వుండబట్టే గదా! ఆ బాకీ ఇంకా పూర్తిగా తీరలేదు.